మాంత్రికుడి నల్ల కుక్క

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లకి ఫైండ్ ఫెమిలియర్ అనే మంత్రం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని, పాచికలు వేసుకుంటూ కథ నడుపుకునే ఆట ఇది. మంత్రగాడి పాత్ర తీసుకున్నవాడు మొదటి లెవెల్లోనే ఒక తోడు జంతువుని పిలుచుకోవచ్చు. 2014 నాటి రూల్స్ ప్రకారం ఇత్తడి కుంపట్లో పది బంగారు నాణేల విలువైన బొగ్గు, ధూపం, మూలికలు కాల్చి గంటసేపు మంత్రం చదివితే, ఒక ఆత్మ జంతువు రూపంలో వచ్చి పక్కన నిలబడుతుంది. వంద అడుగుల లోపల ఉన్నంతసేపూ దానితో నోరు విప్పకుండా మనసుతోనే మాట్లాడొచ్చు. దాని కళ్లతో చూడొచ్చు, చెవులతో వినొచ్చు. అది మాత్రం ఎవరి మీదా దాడి చేయదు. చస్తే మాయమైపోతుంది, మళ్లీ పది నాణేలు పెట్టి పిలుచుకోవడమే. దాన్నే ఫెమిలియర్ అంటారు.

పోయిన సెమిస్టర్లో మా హాస్టల్ గదిలో కొత్త ఆట మొదలుపెట్టినప్పుడు ఒక జూనియర్ తన మంత్రగాడికి కుక్క కావాలన్నాడు. జాబితా తీసి చూశాం. గబ్బిలం ఉంది, పిల్లి ఉంది, ఎలుక, సాలీడు, పీత ఉన్నాయి, ఆఖరికి ఆక్టోపస్ కూడా ఉంది. కుక్క లేదు. అరగంట వాదించుకున్నాం. ఆట నడిపించేవాడు రూల్ రూలేనన్నాడు. జూనియర్ మొహం మాడ్చుకుని గుడ్లగూబ తీసుకున్నాడు. (అందరూ గుడ్లగూబే తీసుకుంటారు, ఎందుకో ఆడేవాళ్లకి తెలుసు.)

నాకు అది నచ్చక వెతుకుతూ పోయాను. పోతే తేలిందేంటంటే, యూరప్ మొత్తంలో బాగా పేరుమోసిన మాంత్రికుడి పక్కన జనం చూసింది కుక్కనే. నల్ల కుక్క. ఆ మాంత్రికుడి పేరు హైన్‌రిష్ కొర్నేలియస్ అగ్రిప్పా. పేరు ఎక్కడో విన్నట్టుందా? హ్యారీ పాటర్ మొదటి భాగంలో రాన్ ఎన్ని చాక్లెట్ ఫ్రాగ్స్ కొన్నా దొరకని కార్డుల్లో ఒకటి ఈయనదే. ఫ్రాంకెన్‌స్టైన్ నవలలో విక్టర్ చిన్నప్పుడు చదివి బుర్ర పాడుచేసుకునే పుస్తకాల్లో మొదటివి కూడా ఈయనవే. చనిపోయి దాదాపు ఐదు వందల ఏళ్లయింది. ఆయన కథంతా చదివాక నాకు ఆయన మీద కన్నా, ఆ కుక్కని తాడు పట్టుకుని వీధిలో తిప్పిన ఒక కుర్రాడి మీద ఎక్కువ అభిమానం కలిగింది. ఆ సంగతి కాసేపట్లో.

ముందు పాత రూల్ ఒకటి చెప్పాలి. 1978లో గ్యారీ గైగాక్స్ రాసిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఈ మంత్రం ఇప్పటంత తేలిగ్గా లేదు. పది కాదు, వంద నాణేల సరుకు కాల్చాలి. ఏడాదికి ఒక్కసారే ప్రయత్నించాలి. ఏ జంతువు వస్తుందో మంత్రగాడి చేతుల్లో లేదు. ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పడిన అంకెని బట్టి నల్ల పిల్లి, కాకి, డేగ, గుడ్లగూబ, కప్ప, లేదా మన ముంగిసకి దూరపు చుట్టంలా ఉండే వీజెల్ వస్తాయి. పదిహేను పడితే బుల్లి డ్రాగన్ లాంటి విచిత్రం ఏదైనా రావచ్చు. పదహారు, ఆ పైన పడితే ఎవ్వరూ రారు. అంటే నూటికి ఇరవై ఐదు పాళ్లు డబ్బు బూడిదే.

వచ్చిందనుకోండి. దాని ప్రాణం రెండు నుంచి నాలుగు హిట్ పాయింట్లు. అది దగ్గరున్నంతసేపూ ఆ పాయింట్లు మంత్రగాడికి కలుస్తాయి. కానీ అది చస్తే దానికి రెట్టింపు పాయింట్లు మంత్రగాడికి శాశ్వతంగా పోతాయి. మొదటి లెవెల్ మంత్రగాడికి ఉండేదే మహా అయితే నాలుగు. లెక్క మీరే వేసుకోండి. తర్వాత 2000లో వచ్చిన మూడో ఎడిషన్ కొంచెం జాలిపడి, పాయింట్ల బదులు అనుభవం తగ్గించింది, ఇంకో జంతువు కోసం ఒక సంవత్సరం ఒక రోజు ఆగమంది. 2014కి వచ్చేసరికి శిక్ష అనేదే లేదు, పది నాణేలు చాలు.

ఆ 1978 రూల్ చదవగానే నాకు బాలనాగమ్మ కథ గుర్తొచ్చింది. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. చిలక కాలు విరిస్తే ఇక్కడ ఫకీరు కాలు విరుగుతుంది, మెడ తిప్పితే వీడి మెడ. మన అమ్మమ్మలు చెప్పిన రూలు, అమెరికాలో గైగాక్స్ రాసిన రూలు ఒకే లెక్క మీద నడుస్తున్నాయి. మాంత్రికుడి బలమూ, బలహీనతా ఒకే జంతువులో ఉంటాయి.

మనకి ఇదంతా ఆట. యూరప్‌లో ఒకప్పుడు ఇది నేరం. ఇంగ్లండ్‌లో 1604లో చేసిన చట్టం ప్రకారం దుష్టాత్మని చేరదీయడం, దానికి తిండి పెట్టడం మరణశిక్ష పడే తప్పు. ఒంటరిగా ఉండే ముసలావిడ ఇంట్లో పిల్లి ఉంటే చాలు, సాక్ష్యం దొరికినట్టే. అగ్రిప్పా అంతకంటే ముందు తరం వాడు. కానీ ఆ గాలి అప్పటికే మొదలైంది.

ఆయన 1486 సెప్టెంబర్ 14న జర్మనీలోని కొలోన్‌లో పుట్టాడు. 1502లో, మనం టెన్త్ పాసయ్యే వయసుకి, కొలోన్ యూనివర్సిటీలో డిగ్రీ పుచ్చుకున్నాడు. ఎనిమిది భాషలు వచ్చని చెప్పుకునేవాడు. న్యాయంలో ఒకటి, వైద్యంలో ఒకటి డాక్టరేట్లు ఉన్నాయని కూడా చెప్పుకునేవాడు, వాటికి మాత్రం గట్టి ఆధారం దొరకలేదు. రెజ్యూమెలో నాలుగు లైన్లు ఎక్కువ కలపడం మనతో మొదలైంది కాదన్నమాట. ఇరవై రెండేళ్లకి స్పెయిన్‌లో ఏదో చిన్న యుద్ధంలో ఇరుక్కుని ప్రాణాలతో బయటపడ్డాడు. 1509లో ఫ్రాన్స్ సరిహద్దులో ఉన్న డోల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పాఠాలు యూదుల కబ్బాలా విద్య గురించి. అదే ఏడాది ఆడవాళ్లు మగవాళ్లకంటే గొప్పవాళ్లని వాదిస్తూ ఒక పుస్తకం రాశాడు. ఆ ప్రాంతాన్ని ఏలే ఆస్ట్రియా మార్గరెట్‌ని మెప్పించి ఉద్యోగం ఖాయం చేసుకుందామని కొంత ఆశ కూడా ఉందిలెండి. కానీ ఒక ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఆమె ఎదుటే ప్రసంగంలో ఈయన్ని యూదు భావాలు నూరిపోసే మతద్రోహి అని తిట్టిపోశాడు. పాఠాలు ఆగిపోయాయి. పుస్తకం అచ్చు కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఆయన జీవితమంతా ఇదే వరస. తెలివి చూసి పిలుస్తారు, నోరు చూసి పంపేస్తారు.

1510లో ఆయన తన పెద్ద పుస్తకం మొదటి ప్రతి పూర్తి చేశాడు. గుప్త తత్వశాస్త్రం గురించి మూడు భాగాలు. మొదటి దాంట్లో రాళ్లు, చెట్లు, జంతువులు, పంచభూతాల్లాంటి నాలుగు భూతాలు. రెండో దాంట్లో అంకెలు, గ్రహాలు. మూడో దాంట్లో దేవతలు, ఆత్మలు. అప్పటికి ఆయనకి ఇరవై మూడేళ్లు నిండాయి, అంతే. దాన్ని వూర్జ్‌బుర్గ్‌లో ఉన్న ట్రిథీమియస్ అనే మఠాధిపతికి పంపాడు. ఆ పెద్దాయన చదివి మెచ్చుకుని, ఇలాంటివి నలుగురిలో పెట్టకు, నమ్మకమైన స్నేహితులకే చూపించు అని సలహా ఇచ్చాడు. అగ్రిప్పా ఆ ఒక్క సలహా మాత్రం చాలాకాలం పాటించాడు. చేతిరాత ప్రతులు చేతులు మారుతూ తిరిగాయి, అచ్చుకి మాత్రం ఇరవై ఏళ్లు పైనే పట్టింది.

మనలాంటివాళ్లకి నచ్చేది ఆ రెండో భాగం. అందులో ఏడు గ్రహాలకి ఏడు మాయాచతురస్రాలు ఇచ్చాడు. శనికి మూడు గడులు మూడు వరసలు, ఎటు కూడినా 15. సూర్యుడికి ఆరు ఆరులు, ఎటు కూడినా 111. చంద్రుడికి తొమ్మిది తొమ్మిదులు, 369. మంత్రమని భయపడుతూ తెరిస్తే లోపల లెక్కలు కనిపిస్తాయి. ఇప్పుడు ఇదే క్యాంపస్ ప్లేస్‌మెంట్ పరీక్షలో పజిల్‌గా ఇస్తారు, ఎవరినీ కాల్చరు.

తర్వాత ఏడేళ్లు ఇటలీలో. పావియా యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు, అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు, కొడుకు పుట్టాడు. కాస్త కుదురుకున్నాడు అనుకునేలోపు 1515లో మరిన్యానో యుద్ధం జరిగి ఫ్రెంచి సైన్యం మిలన్‌ని పట్టుకుంది. ఆ గొడవలో ఇల్లు, సామాను, ఉద్యోగం అన్నీ పోయాయి.

1518లో మెట్స్ నగరానికి న్యాయవాదిగా వెళ్లాడు. ఇక్కడ కాసేపు ఆగాలి.

మెట్స్ పక్కన వొయిపీ అనే పల్లె ఉంది. 1519లో ఆ ఊరి ఒక ఆడమనిషి మంత్రగత్తె అని కొందరు రైతులు పట్టుకుని హింసించి నగరానికి లాక్కొచ్చారు. మతవిచారణాధికారి నికొలా సావినీ ఆమెని చిత్రహింసలు పెట్టాడు. సాక్ష్యం ఏమిటి? ఆమె తల్లిని మంత్రగత్తె అని ఇంతకుముందు కాల్చేశారు. తల్లి మంత్రగత్తె అయితే బిడ్డని పుట్టగానే సైతానుకి అప్పజెప్పి ఉంటుంది, కాబట్టి బిడ్డా మంత్రగత్తే. అంతే కేసు.

ఈ తర్కం మనకి కొత్తదేం కాదు. చేతబడి చేస్తోందని ఎవరినో కట్టేసి కొట్టిన వార్త మన పల్లెల నుంచి ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. అక్కడా సాక్ష్యం ఇలాగే ఉంటుంది. పక్కింటి పిల్లాడికి జ్వరం రావడం, వాళ్ల అమ్మకి కూడా వచ్చేదట అనే మాట.

అగ్రిప్పా ఆమె తరఫున నిలబడ్డాడు. ఆయన వాదన చాలా తెలివైంది. సైన్సు మాట్లాడలేదు, మంత్రాలు అబద్ధమనీ అనలేదు. సావినీ మతాన్నే తీసి సావినీ మీదికి తిప్పాడు. బిడ్డకి బాప్తిస్మం ఇస్తే దాంతో సైతాను పట్టు వదిలిపోతుందని చర్చే చెబుతోంది కదా, తల్లి పాపం బిడ్డకి అంటుకునే ఉంటుందంటే బాప్తిస్మానికి శక్తి లేదన్నట్టే కదా, మరి అలా అనేవాడు మతద్రోహి కాడా అని తిరగేసి అడిగాడు. విచారణాధికారి మీదే మతద్రోహం ఆరోపణ! మొత్తానికి ఆమెని వదిలిపెట్టారు. ఆరోపించినవాళ్లకి జరిమానా పడింది. ఆమె పేరు మనకి మిగల్లేదు, ఊరి పేరే మిగిలింది.

గెలిచాడు గానీ ఆ ఊళ్లో ఆయనకి ఇక బతుకు లేకుండా పోయింది. సన్యాసులు ప్రసంగాల్లో తిట్టడం, జనం తప్పుకుని పోవడం. 1520 మొదట్లోనే భార్యాబిడ్డలతో మెట్స్ వదిలేశాడు. ఆ తిరుగుళ్లలోనే మొదటి భార్య జబ్బు చేసి పోయింది. మంత్రగత్తె తరఫున వాదించినవాడు తనూ మంత్రగాడే అయి ఉంటాడన్న అనుమానం ఆ తర్వాత ఆయన్ని వదల్లేదు. కుక్క కథకి అసలు విత్తనం ఇక్కడే పడిందని నా అనుమానం.

జెనీవాలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఫ్రిబోర్‌లో వైద్యం చేశాడు, 1524లో లియోన్ చేరి ఫ్రాన్స్ రాజు తల్లి లూయీజ్‌కి వైద్యుడయ్యాడు. ఆఫర్ లెటర్ ఉంది, జీతం లేదు. నెలలు గడిచాయి, ఏడాది దాటింది. ఆమె వైద్యం అడగలేదు, కొడుకు జాతకం చూసి భవిష్యత్తు చెప్పమంది. ఇదొక మూఢనమ్మకం, నా తెలివిని ఇంతకంటే మంచి పనికి వాడుకోవచ్చని ఆయన ఉత్తరాల్లో రాసేశాడు. ఆ ఉత్తరాలు ఆమె చెవిన పడ్డాయి. ఇంకేముంది.

ఆ కోపంలో, ఆ పస్తుల్లో 1526లో రాసిన పుస్తకం అన్ని శాస్త్రాలూ వ్యర్థమని. వ్యాకరణం దగ్గర్నుంచి వైద్యం, న్యాయం, వంట, వేట దాకా వంద పైచిలుకు అధ్యాయాల్లో ఒక్కదాన్నీ వదల్లేదు. మంత్రవిద్యనీ, జ్యోతిషాన్నీ ఉతికేశాడు. పాచికలాట మీద కూడా ఒక అధ్యాయం ఉంది, అదీ తిట్టే. (మనం పాచికలు వేసుకుంటూ ఆయనలాంటి పాత్రలు ఆడుతున్నామని తెలిస్తే ఏమనేవాడో.) ఇన్ని తిట్టాక చివర్లో గాడిదని పొగుడుతూ ఒక అధ్యాయం రాశాడు. ఓపికకీ వినయానికీ గాడిదని మించింది లేదని. ఇంత చదువుకున్న మనిషి చివరికి చేతులెత్తి మొక్కింది ఒక జంతువుకే.

1528లో ఆంట్‌వెర్ప్ చేరాడు. మరుసటి ఏడాది ప్లేగు వచ్చింది. రోగులకి వైద్యం చేశాడు. ఆ ప్లేగులోనే రెండో భార్య పోయింది. ఆమె మీద ఆయనకి చాలా ప్రేమ. తర్వాత చక్రవర్తి ఐదో చార్లెస్ దగ్గర ఆస్థాన చరిత్రకారుడి పదవి దొరికింది. పేరు గొప్ప, జీతం మళ్లీ లేదు. 1530లో వ్యర్థశాస్త్రాల పుస్తకం అచ్చయ్యేసరికి లూవెన్, పారిస్ వేదాంత పండితులు దాన్ని ఖండించారు. 1531లో అప్పులు తీర్చలేక బ్రస్సెల్స్‌లో జైలుకి వెళ్లాడు. బంగారం చేసే విద్య తెలుసని జనం చెప్పుకునే మనిషి!

సరిగ్గా ఈ రోజుల్లోనే ఆయన ఇంటికి ఒక కుర్రాడు శిష్యుడిగా వచ్చాడు. పేరు యోహాన్ వెయెర్. 1515లో పుట్టాడు, అంటే అప్పటికి పదిహేను, పదహారేళ్లవాడు. ఇంటర్ ఫస్టియర్ వయసు. గురువుగారి ఇంట్లోనే ఉండి చదువుకున్నాడు, గురువు బాన్‌కి మారితే తనూ వెళ్లాడు. గురువుగారికి ఒక నల్ల కుక్క ఉంది. మరీ పెద్దది కాదు. పేరు మొస్యూ, ఫ్రెంచిలో అయ్యగారు అన్నట్టు. దానికి జోడీగా తెచ్చిన ఆడ కుక్క పేరు మద్మజెల్, అమ్మాయిగారు. ఈ అయ్యగారిని వెంట్రుకలతో పేనిన తాడు కట్టి బయట తిప్పుకురావడం వెయెర్ పని.

గురువుగారికి ఆ కుక్క అంటే పిచ్చి. బల్ల దగ్గర ఒక పక్క గురువు, ఒక పక్క శిష్యుడు కూర్చుని చదువుకుంటుంటే మధ్యలో కాగితాల గుట్టల పక్కన అది కూర్చునేది. మూడో పెళ్లి పెటాకులయ్యాక రాత్రిళ్లు ఆయన మంచం మీదే పడుకునేది. ఇద్దరు భార్యలు చనిపోయి, మూడో ఆమె వెళ్లిపోయి, ఊరూరా అప్పులవాళ్లు ఉన్న మనిషి. కుక్కని పక్కన పడుకోబెట్టుకున్నాడంటే అర్థం చేసుకోవడానికి మంత్రశాస్త్రం అక్కర్లేదు.

కానీ వీధిలోవాళ్లు వేరే లెక్క వేశారు. ఈయన ఒక్కోసారి వారం దాటినా గదిలోంచి బయటికి రాడు. అయినా ఏ దేశంలో ఏం జరిగిందో అన్నీ ఆయనకి తెలుసు. ఎలా? కుక్క వెళ్లి తెచ్చి చెబుతోంది! అసలు సంగతి వెయెర్‌కి తెలుసు. అన్ని దేశాల పండితుల నుంచీ గురువుగారికి రోజూ ఉత్తరాలు వచ్చేవి. బల్ల మీద కుక్క పక్కన ఉన్న కాగితాల గుట్టలు అవే. ఇప్పుడైతే ఫోన్ ఉంది కాబట్టి తెలుస్తోంది అనుకుంటాం. ఆ వీధివాళ్లకి ఆయన చేతిలోని ఉత్తరాలు కనపడలేదు, వాకిట్లో తిరిగే కుక్క కనపడింది.

ఇప్పటి రూల్‌ని మళ్లీ గుర్తు చేసుకోండి. దాని కళ్లతో చూడొచ్చు, చెవులతో వినొచ్చు, నోరు విప్పకుండా మాట్లాడుకోవచ్చు. ఆ వీధి జనం మొస్యూ గురించి చెప్పుకున్నది అక్షరాలా ఇదే. గైగాక్స్ అగ్రిప్పాని చూసి రూల్ రాశాడని నేను అనడం లేదు. ఇలాంటి పుకార్లు వందల ఏళ్లపాటు యూరప్ అంతా పేరుకుని, కథలై, నాటకాలై, చివరికి ఆట పుస్తకంలో చేరాయి. ఒకప్పుడు అభియోగపత్రంలో రాసిన లక్షణాలే ఇప్పుడు మన క్యారెక్టర్ షీటు మీద ఉన్నాయి.

1533లో కొలోన్‌లో, అక్కడి విచారణాధికారి అడ్డుపడ్డా, ఆర్చిబిషప్ అండతో ఆయన మంత్రశాస్త్ర గ్రంథం మూడు భాగాలూ పూర్తిగా అచ్చయ్యాయి. విచిత్రం ఏమిటంటే చివర్లో, మంత్రాలు వ్యర్థమని తిట్టిన తన పాత అధ్యాయాల్ని కూడా కలిపి అచ్చు వేయించాడు. ప్రాణభయమా, నిజంగా రెండూ నమ్మాడా? పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది. పదేళ్లు ప్రేమించి చదివిన సబ్జెక్టుని పరీక్ష ముందు రాత్రి మనం తిట్టమా?

1535లో ఫ్రాన్స్ వెళ్లాడు. లియోన్‌లో పట్టుకున్నారు, రాజు తల్లి మీద రాసిన రాతలకి. స్నేహితులు విడిపించారు. అదే ఏడాది గ్రెనోబుల్‌లో చనిపోయాడు. నలభై ఎనిమిదేళ్లు.

పదకొండేళ్ల తర్వాత, 1546లో, ఇటలీ బిషప్ పావొలో జోవియో పేరున్న పండితుల జీవితాల మీద పుస్తకం వేశాడు. అందులో అగ్రిప్పా చావు వేరేలా ఉంది. లియోన్‌లో ఒక పూటకూళ్ల ఇంట్లో చనిపోతూ, తన వెంట తిరిగిన నల్ల కుక్క మెడలోంచి మంత్రాక్షరాలున్న పట్టీ విప్పి, నా సర్వనాశనానికి నువ్వే కారణం పో అని తిట్టాడట. కుక్క పరుగెత్తుకెళ్లి సోన్ నదిలో దూకి మళ్లీ కనపడలేదట. ఊరు తప్పు, చావు తప్పు. కానీ కథ బాగుంది కదా, అదే నిలిచింది. తర్వాత ఒక్కొక్కరు ఒక్కో మసాలా వేశారు. ఆయన ఇచ్చిన నాణేలు తర్వాత కొమ్ముముక్కలుగా మారేవని ఒకరు, ఆయన గదిలో పుస్తకం తెరిచిన కుర్రాడిని దెయ్యం చంపేసిందని ఒకరు. 1559లో ఆయన పేరుతో నాలుగో భాగం అని ఒక దొంగ పుస్తకం కూడా వచ్చింది, దెయ్యాల్ని పిలిచే పద్ధతులతో.

ఈలోపు తాడు పట్టుకున్న కుర్రాడు పెద్దవాడయ్యాడు. వెయెర్ క్లీవ్స్ ప్రభువుకి ఆస్థాన వైద్యుడు. 1563లో, దాదాపు యాభై ఏళ్ల వయసులో, మంత్రగత్తెల వేట తప్పని ఒక పెద్ద పుస్తకం రాశాడు. దెయ్యాలతో ఒప్పందం చేసుకున్నామని ఒప్పుకుంటున్న ముసలివాళ్లలో చాలామంది మనోవ్యాధితో బాధపడుతున్నవాళ్లని, వాళ్లకి కావలసింది మంట కాదు వైద్యమని వాదించాడు. వొయిపీ ఆడమనిషి కోసం గురువు వాదించిన ఒక్క కేసుని శిష్యుడు అందరికీ వర్తించేలా రాశాడన్నమాట.

ఆ పుస్తకంలోనే కుక్క గురించి కూడా రాశాడు. అది మామూలు మగ కుక్క అని, తానే తాడు కట్టి ఎన్నోసార్లు తిప్పానని, గురువుగారు దాన్ని అతిగా ముద్దు చేసేవారని, ఆ ఉత్తరాల సంగతీ అన్నీ చెప్పాడు. నాలుగో భాగం గురువుగారిది కాదని కూడా. మంత్రగత్తెల పక్షం మాట్లాడేవాడు మంత్రగాడే అంటున్న రోజుల్లో, నేను పేరుమోసిన మాంత్రికుడి ఇంట్లో పెరిగాను, ఆ కుక్కని నేనే తిప్పాను అని అచ్చులో ఒప్పుకోవడం చిన్న ధైర్యం కాదు. మెదలకుండా ఉంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు. నిజంగానే తర్వాత ఆయన మీదా అదే ముద్ర వేశారు, గురువుగారి చదువే అబ్బిందని.

దీనికి కొసమెరుపు ఒకటుంది. 1577లో వెయెర్ తన పుస్తకానికి అనుబంధంగా అరవై తొమ్మిది మంది దెయ్యాల జాబితా వేశాడు. పాత మంత్రపుస్తకాల్లో ఎంత చెత్త ఉందో లోకానికి చూపిద్దామని. అందులో ఏ దెయ్యానికి ఏ హోదా, వాడి కింద ఎన్ని దళాలు, వాడు ఏమిస్తాడు అన్నీ ఉన్నాయి. కొందరు మంచి ఫెమిలియర్లని కూడా ఇస్తారట. ఎగతాళికి వేసిన ఆ జాబితాని తర్వాతి తరాలు నిజంగానే కాపీ చేసుకుని వాడుకున్నాయి. ఇప్పటి ఫాంటసీ ఆటల్లో, అనిమేల్లో కనిపించే దెయ్యాల పేర్లు బోలెడు ఆ వరసలోనివే. కుక్క ఫెమిలియర్ కాదని సాక్ష్యం చెప్పిన మనిషే ఫెమిలియర్లు ఎక్కడ దొరుకుతాయో కేటలాగ్ ఇచ్చినట్టయింది, పాపం.

కుక్క మాత్రం నదిలోంచి మళ్లీ పైకి వచ్చింది. 1808లో గొయ్థే ఫౌస్ట్ మొదటి భాగంలో సైతాను పండితుడి గదిలోకి మొదట దూరేది నల్ల పూడిల్ రూపంలోనే. ఒంటరి పండితుడు, పుస్తకాల గది, నల్ల కుక్క. వెయెర్ రాసింది చదివినవాళ్లకంటే జోవియో రాసింది విన్నవాళ్లే ఎక్కువ.

ఈ కథంతా మా గదిలో చెప్పాను. ఆట నడిపించేవాడు కాసేపు ఆలోచించి మా ఆట వరకు ఒక సొంత రూల్‌కి ఒప్పుకున్నాడు. జూనియర్ గుడ్లగూబని వదిలేసి కుక్కని తీసుకున్నాడు. నలుపు, మధ్యస్థం, పేరు మొస్యూ. కుంపటి, ధూపం ఏమీ అక్కర్లేదు, బిస్కెట్ చాలు. మనసుతో మాట్లాడదు. దాని కళ్లతో చూడటం కుదరదు. వార్తలు తేదు. మంత్రగాడు రాత్రి విశ్రాంతి తీసుకునేటప్పుడు పక్కన పడుకుంటే అతనికి ఒక హిట్ పాయింట్ ఎక్కువ తిరిగొస్తుంది. పల్లెల్లో మాత్రం ఎవరైనా దాన్ని చూస్తే పాచిక వేయాలి, ఒకటి పడితే ఊరివాళ్లు అనుమానించడం మొదలుపెడతారు.

అది చస్తే ఎన్ని పాయింట్లు పోవాలన్నది ఇంకా తేలలేదు. ఆట నడిపించేవాడు 2014 రూల్ ప్రకారం ఏమీ పోవద్దంటాడు. జూనియర్ 1978 రూలే ఉండాలని, రెట్టింపు పోవాలని పట్టుబట్టి కూర్చున్నాడు.